కులోగ్ వేదిక దిగిన సంగతి

మనీలా పక్కనున్న నవోటాస్ చేపల రేవులో ధర పైకి చెప్పరు. కొనేవాడు దళారి చెవి దగ్గరికి వంగి తన ధర గొణుగుతాడు. దళారి మొహంలో ఏ మార్పూ లేకుండా అందరి గొణుగుళ్లూ విని, చివరికి ఒకడి వైపు వేలు చూపిస్తాడు. బేరం తెగినట్టే. ఇలాంటి గుసగుసల రేవులో చేపల తొట్లు మోసే రొడేలియోకి దేవుడు నాలుగు వీధులకు వినబడే గొంతు ఇచ్చాడు. ఇచ్చినవాడు దాన్ని ఎక్కడ వాడాలో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

మనీలాలో పాట, మాట, పోటీ ఎరిగిన కుర్రకారుకి రొడేలియో అంటే తెలియదు. కులోగ్ అంటే తెలుసు. కులోగ్ అంటే ఉరుము. పదహారో ఏట ప్రార్థన మందిరం వెనక బాస్కెట్‌బాల్ మైదానంలో అతను మొదటిసారి ర్యాప్ పాడినప్పుడు, ఆటగాళ్లు బంతి చంకన పెట్టుకుని నిలబడిపోయారు. ఆ రోజే ఎవరో ఆ పేరు పెట్టారు. పోటు వచ్చిన ప్రతిసారీ మోకాలి లోతు నీళ్లలో మునిగే తన వీధి మీద అతను కట్టిన పాట ఒక వానాకాలమంతా ఊళ్లో ప్రతి జీప్నీ బస్సులోనూ మోగింది. డ్రైవర్లు దాన్ని పాడుకుంటూనే నీళ్లలో ఇరుక్కున్నారు. ఆ తర్వాత రికార్డింగ్ వాళ్లు ప్రేమ పాటలు రాయమన్నారు. అవి ఇతని వల్ల కాలేదు. ఎన్నికలొస్తే అభ్యర్థులకు ప్రచారపాటలు కట్టాడు, పొద్దున ఒకడికి, సాయంత్రం వాడి మీద నిలబడ్డవాడికి. ముప్ఫై దాటాక మాటల పోటీల్లోకి దిగాడు.

ఆ పోటీ సంగతి తెలిసిందే. వాద్యం ఉండదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, వంతుల వారీగా మూడుసార్లు, ప్రాస తప్పకుండా ఒకరినొకరు తిట్టుకోవాలి. పుట్టుక, మొహం, పెళ్ళాం, అప్పు, దేన్నైనా లాగవచ్చు. అయిపోయాక ఇద్దరూ కావలించుకోవాలి. వేదిక మీది మాట వేదిక మీదే వదిలేసి దిగాలి. నియమమైతే అదీ. నాలుకకు నరం లేదన్న సంగతి ఆ నియమం పెట్టినవాళ్లకు తెలియదు కాబోలు.

కులోగ్ పోటీలో ఎందుకు నెగ్గేవాడంటే, ఊపిరి. అవతలివాడు మూడు ముక్కలకే గాలి కోసం ఆగితే, ఇతను ఏడు ముక్కలు ఒకే బిగిన అనేవాడు. ఆ విద్య ఏ స్టూడియోలోనూ నేర్చుకున్నది కాదు, తనను పెంచిన సలూద్ పక్కన కూర్చుని నేర్చుకున్నది. శ్రమల వారంలో ఏసు బాధల కథను పద్యాలుగా పాడే పబాసా ప్రతి వీధిలోనూ జరుగుతుంది. బల్లకు ఇటొక పక్షం, అటొక పక్షం. ఇటువాళ్లు ఒక పద్యం పాడితే అటువాళ్లు తరువాతి పద్యం అందుకోవాలి. ఒకసారి మొదలయ్యాక పుస్తకం పూర్తయ్యేదాకా, పగలైనా రాత్రైనా, గొంతు ఆగకూడదు. వీధిలో సలూద్ ఎప్పుడూ కుడి పక్షానికి పెద్ద. భర్త పడవ మునిగి, మనిషి మాత్రం ప్రాణాలతో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఏడు, బతికున్నంత కాలం పాడతానని ఆవిడ మొక్కుకుంది. ఆ భర్త తర్వాత మామూలు జ్వరంతో పోయాడు. మొక్కు మాత్రం ఉండిపోయింది.

సలూద్ అతని తల్లి కాదు. కన్నతల్లి ఎక్కడో దొరలాంటి వాళ్ల ఇంట్లో ఉండి వంటపని చేసేది, ఏ నెలకో ఒక ఆదివారం వచ్చేది. మిగిలిన రోజులన్నీ రొడేలియో కంచం సలూద్ ఇంట్లోనే. ఆవిడ కొడుకు డిండో, ఇతనూ ఒకే చాప మీద పడుకుని పెరిగారు. ఇద్దరూ ఒకే మైదానంలో ర్యాప్ మొదలుపెట్టారు. రొడేలియోకి కూతురు పుడితే బాప్తిస్మానికి తండ్రి వరసలో నిలబడింది డిండోయే. అప్పటి నుంచి ఒకరినొకరు పారె అనుకునేవాళ్లు. అక్కడ ఆ పిలుపు అన్నదమ్ముల కన్నా ఒక మెట్టు పైన.

అలాంటి ఇద్దరిని ఒక ఆగస్టు ఆదివారం మధ్యాహ్నం పోటీలో ఎదురెదురు నిలబెట్టారు. జనం ఎగబడి వచ్చారు. అన్నదమ్ములు కొట్టుకుంటుంటే చూడ్డానికి ఎవరికి తీరిక ఉండదు?

డిండో ఆ రోజు బాగా సిద్ధమై వచ్చాడు. మొదటి వంతులోనే ఎన్నికల పాటల మీద పడ్డాడు. ఇటు పక్షం పిలిస్తే ఇటు, అటు పక్షం పిలిస్తే అటు, ఈ ఉరుముకు సొంత మబ్బు లేదన్నాడు. హాలంతా గోల. రెండో వంతులో, పాట ఒక్కటే, బతుకంతా దాని తద్దినం అన్నాడు. జనం కుర్చీలెక్కారు. రొడేలియో రాసుకొచ్చిన మాటలు ఒక్కటీ పేలలేదు. మూడో వంతు వచ్చేసరికి కట్టుకొచ్చినదంతా తలలోంచి జారిపోయింది. ఓడిపోతున్నానన్నది ఒక్కటే తెలుస్తోంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మీ అమ్మ వండిన కోడికి అంతంత పేరు దేనికి?
ఊరు ఒకసారి తిన్నాకే కదా అది చేరింది మీ గిన్నెకి!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కప్పు ఎగిరిపోయేలా అరిచారు. హోటళ్ల చెత్తబుట్టల్లోంచి జనం సగం తిని పారేసిన కోడి ముక్కలు ఏరి, కడిగి, మళ్లీ వేయించి తినడం ఆ రేవు పేటల్లో కొత్త కాదు. దాన్ని పగ్‌పగ్ అంటారు. తినేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ తిన్నామని చెప్పేవాళ్లు లేరు. సలూద్‌కి రేవు దగ్గర భోజనాల కొట్టు ఉండేది. అక్కడ వెనిగర్‌లో ఊరబెట్టి వండే కోడి అడోబో అంటే రేవు కూలీలూ, ట్రైసికిల్ వాళ్లూ వరస కట్టేవారు. ఇరవై ఏళ్లుగా ఆవిడ తాజా కోడి తప్ప కొన్నది లేదు. కానీ దానికి ముందు, భర్త పోయిన కొత్తలో, రెండేళ్లు ఆ ఇంట్లో ఉడికింది చెత్తబుట్ట కోడే. ఆ సంగతి ఆవిడకీ, డిండోకీ, ఆవిడతో కలిసి ఆ ముక్కల్ని వేడినీళ్లలో కడిగిన రొడేలియోకీ తప్ప నాలుగో మనిషికి తెలియదు.

న్యాయనిర్ణేతలు కులోగ్‌నే గెలిపించారు. డిండో నియమం ప్రకారం వచ్చి కావలించుకున్నాడు. చెవిలో మాత్రం, "అమ్మకి ఏమని చెప్పమంటావు పారె?" అన్నాడు. ఆ వారమే దక్షిణాన ఏదో ఓడల మరమ్మతు యార్డులో పని దొరికిందని వెళ్లిపోయాడు. మళ్లీ ర్యాప్ జోలికి రాలేదు.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, దెబ్బ తగిలింది పోటీలో లేని మనిషికి. ఆ రెండు ముక్కలూ నాలుగు రోజుల్లో ప్రతి ఫోన్‌లోకీ చేరాయి. బడి పిల్లలు సలూద్ కొట్టు ముందు నుంచి వాటిని రాగం తీసుకుంటూ పోయేవారు. పదేళ్లుగా అక్కడే తిన్న ట్రైసికిల్ డ్రైవర్ ఒకడు అందరి ముందూ కంచం పక్కకు నెట్టి, నాకు కడుపులో తిప్పుతోందన్నాడు. ఆవిడ అడోబో వండడం మానేసింది. చేపలు వండింది. చేపల రేవులో చేప మీద కూడా అనుమానం వచ్చింది జనానికి. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టే రకం ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. క్రిస్మస్ లోపే కొట్టు తలుపు మూతపడింది.

రొడేలియో భార్య మెర్లీ అతన్ని తిట్టలేదు. అన్నం పెడుతూ, "తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్లుంటారని విన్నాను గానీ, వాటిని వేదికెక్కి చదివి వినిపించినవాణ్ణి నిన్నే చూశా," అంది. అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అతను చేయని ప్రయత్నం లేదు. సలూద్ గుమ్మం దగ్గరికి ఎన్నోసార్లు వెళ్లాడు. పడుకుని ఉన్నారని లోపలి నుంచి పక్కింటి అమ్మాయి చెప్పేది. ఒకసారి ఆవిడే కిటికీ లోంచి, "మీరు పెద్ద పేరున్నవాళ్లు, ఈ సందులో నిలబడకండయ్యా," అంది. చిన్నప్పటి నుంచి ఏరా అని పిలిచిన నోరు అది. ఆ మాట వినలేక తిరిగొచ్చి, తను అన్నది అబద్ధమని ఫోన్‌లో ఒక వీడియో పెట్టాడు. దాంతో పాత ముక్క చూడనివాళ్లు కూడా వెతికి చూశారు. ఆపైన ఆవిడ త్యాగం మీద ఒక పాట కట్టి వదిలాడు. పాట బాగుంది. అందుకే అది ఇంకా దూరం పోయింది. సలూద్ మార్కెట్‌కి వెళ్లడం మానేసింది. కాలిన పుండు మీద కారం చల్లి, ఎందుకు మండుతోందో తెలియక బిత్తరపోయే మనిషిని ఏమంటాం? రొడేలియో చెడ్డవాడు కాడు. అతనికి వచ్చింది ఒకటే విద్య, ప్రతిదానికీ దాన్నే వాడేవాడు.

శ్రమల వారం వచ్చింది. సలూద్ ఈసారి రాదనుకున్నారు వీధివాళ్లు. కొందరు రాకపోతేనే నయమనుకున్నారు కూడా. కానీ మొక్కుకు సిగ్గు ఉండదు. బుధవారం పొద్దున టార్పాలిన్ పందిరి కింద బల్ల వేసి, పాత పుస్తకాలు పరిచి, రెండు మైకులు పెట్టేసరికి ఆవిడ తెల్ల గౌను వేసుకుని వచ్చి తన కుడి పక్క కుర్చీలో కూర్చుంది. ఆవిడతో పాటు పెద్ద గిన్నెడు గినాతాన్ కూడా వచ్చింది. కొబ్బరిపాలలో అరటిపళ్లు, చిలగడదుంపలు, సగ్గుబియ్యం వేసి తియ్యగా ఉడికించిన గినాతాన్, పాడేవాళ్లకి ఏటా ఆవిడ పెట్టేది. ఏటా మధ్యాహ్నం లోపే గిన్నె ఖాళీ అయ్యేది.

ఈ ఏడు గిన్నె నిండుగానే ఉంది. పాడటానికి వచ్చినవాళ్లు మర్యాదగానే, ఇప్పుడే తిని వచ్చామన్నారు. ఇంకొకరు తెచ్చిన బిస్కెట్లు మాత్రం అయిపోయాయి. గురువారం ఆవిడ ఇంకో గిన్నె కొత్తగా వండి తెచ్చింది. దానికీ అదే గతి. ఆవిడ ఎవరినీ రెండోసారి తినమనలేదు, మూత పెట్టి పాట అందుకుంది.

గురువారం మధ్యాహ్నం రేవు నుంచి వస్తూ రొడేలియో సందు మొగలో ఆగిపోయాడు. స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకర్‌లోంచి పబాసా వినబడుతోంది. కానీ ఒకే గొంతు. ఒక పద్యం అయ్యాక దాని జవాబూ ఆ గొంతే పాడుతోంది. వెళ్లి చూస్తే, ఎండకు జనమంతా ఇళ్లలోకి చేరారు. ఎడమ పక్షంలో మిగిలింది బెలెన్ అనే ముసలావిడ ఒక్కతే. ఆవిడ గొంతు రాత్రి పాడి పాడి పూర్తిగా పోయింది, ఊరికే పుస్తకంలో వేలు జరుపుతోంది. రెండు పక్షాలూ సలూద్ ఒక్కతే మోస్తోంది. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, పద్యానికీ పద్యానికీ మధ్య గుక్క తిప్పుకోలేకపోతోంది.

పబాసా బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి లెమ్మనే హక్కు ఎవరికీ లేదు. రొడేలియో వెళ్లి బెలెన్ పక్కన, సలూద్‌కి ఎదురుగా కూర్చున్నాడు. బెలెన్ అతని ముందుకు పుస్తకం జరిపింది. సలూద్ తలెత్తలేదు. తన పద్యం ముగించింది. అతను తరువాతిది అందుకున్నాడు. ఎన్నాళ్లైనా రాగం మరవలేదు, ఊపిరి ఎక్కడ దాచుకోవాలో మరవలేదు. ఆవిడ ఒకటి, అతను ఒకటి. ఇలా ఒక గంట నడిచింది. ఇన్ని నెలల తర్వాత ఆవిడ తనకు జవాబు చెబుతోందని అతనికి కళ్లు చెమర్చాయి. అక్కడ ఆగినా బాగుండేది.

ఆగలేదు. ఇక్కడైతే ఆవిడ లేచి వెళ్లలేదు, పడుకున్నానని చెప్పించలేదు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు చెప్పుకోను అనుకున్నాడు. తన వంతు రాగానే పుస్తకంలోని పద్యం వదిలేసి, అదే రాగంలో, అదే ఐదు పాదాల కొలతలో, సొంత పద్యం అందుకున్నాడు.

"కన్నతల్లి కాని తల్లీ,
అన్నమిచ్చిన నా తల్లీ,
నిన్ను నవ్వులపాలు చేసి
నన్ను నేనే చంపుకున్నా,
మన్నించమ్మా, మన్నించమ్మా."

లౌడ్‌స్పీకర్ ఆ ఐదు పాదాలనూ సందు చివరి ఇంటి దాకా మోసుకెళ్లింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. బెలెన్ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. పుస్తకంలోని మాట మార్చడం ఆ వీధి ఎరుగదు. సలూద్ జవాబు అందుకోలేదు. పబాసా ఆగిపోయింది. వరద నీళ్లు పందిట్లోకి వచ్చిన ఏడు కూడా ఆగనిది ఆగిపోయింది.

సలూద్ చెయ్యి చాచి ముందు తన మైకు ఆపింది. తర్వాత బల్ల మీదికి వంగి అతని మైకు కూడా ఆపింది. అప్పుడు మొదటిసారి అతని కళ్లలోకి చూసింది.

"ఇదీ నీ పాటేనా?" అంది, గొంతు పెంచకుండా. "అప్పుడూ నన్ను మైకులోకి ఈడ్చావు, ఇప్పుడూ ఈడ్చావు. నాకు చెప్పాల్సింది ఊరికి చెబుతావేంటి?"

అతను ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వన్నది అబద్ధమని నేనెవరితోనూ అనలేదు. వండాను. మీ ఇద్దరికీ ఆకలేసింది, వండాను. మూడుసార్లు కడిగి, వాసన పోయేదాకా వెనిగర్‌లో నానబెట్టి వండాను. నువ్వు తిని, ఇంకో ముక్క వెయ్యమన్నావు. అంత నిజం చెప్పినోడివి ఆ ముక్క ఎందుకు చెప్పలేదు? నువ్వు తిన్నావని ఎందుకు చెప్పలేదు?"

మూడు వంతుల్లో ఎవడినైనా మట్టికరిపించే మనిషి పుస్తకం మీదికి తల దించేసుకున్నాడు. తనకు తట్టిన మాట కాదది. ఇన్ని నెలలూ ఆవిడను నవ్వులపాలు చేశాననే కుమిలాడు గానీ, ఆ నవ్వులోంచి తను ఒక్కడే జాగ్రత్తగా తప్పుకున్నానన్నది అతనికి ఆ క్షణం దాకా తోచలేదు.

"నీ మాటలు నాకొద్దు," అంది సలూద్. "ఈ బల్ల దగ్గర నోరు తెరిస్తే చదవడానికి తెరువు. లేదా తినడానికి తెరువు."

మైకులు మళ్లీ వేసింది. అతను దాటేసిన పద్యం మీద వేలు పెట్టి చూపించింది. అతను అది చదివాడు. ఆవిడ జవాబు అందుకుంది. పొద్దు వాలేదాకా అలాగే సాగింది. ఎండ తగ్గి జనం వచ్చి రెండు పక్షాల్లోనూ కూర్చున్నా అతను లేవలేదు. ఒక్క అక్షరం సొంతంగా కలపలేదు. ఎక్కడా గొంతు గొప్ప చూపించలేదు. చివరికొచ్చేసరికి ఆ ఉరుము గొంతు జీరపోయి రేవులో దళారి గొణుగుడంత అయింది. పుస్తకం ముగిసింది. అందరూ సిలువ గుర్తు వేసుకుని లేచారు, నడుములు పట్టుకున్నారు, కుర్చీలు మడవడం మొదలుపెట్టారు.

రొడేలియో ఇంటికి వెళ్లలేదు. పందిరి చివర బల్ల మీదున్న గిన్నె దగ్గరికి వెళ్లి మూత తీశాడు. అందరూ చూస్తున్నారని తెలుసు. ఒక చిన్న గిన్నెలోకి నిండుగా వేసుకుని, సందులోకి కుర్చీ లాక్కుని, వచ్చేపోయేవాళ్ల ఎదురుగా కూర్చుని తిన్నాడు. అది అయ్యాక లేచి మళ్లీ వేసుకుని తిన్నాడు. జనం చూసి చూసి కుర్చీలు మోసుకుపోయారు. ఒకరిద్దరు మొహాలు తిప్పుకున్నారు. ఎవరూ గిన్నె వైపు రాలేదు. బెలెన్ ముసలావిడ మాత్రం పోయిన గొంతుతోనే ఏదో సణుక్కుంటూ వచ్చి ఒక కప్పు పట్టుకుని అతని పక్కన కూలబడింది.

ఆ తర్వాత పోటీల వాళ్లు ఎన్నిసార్లు పిలిచినా రొడేలియో వేదిక ఎక్కలేదు. గొంతు పోయిందని కొందరు, భయపడ్డాడని కొందరు అనుకున్నారు. అతను ఎవరినీ సరిదిద్దలేదు. సలూద్ కొట్టు మళ్లీ తెరిచిందా అంటే, తెరవలేదు. జనం మారారా అంటే, జనం ఎప్పుడు మారారు గనక? క్షమించాను అన్న మాట ఆవిడ ఆ రోజూ అనలేదు, మరే రోజూ అనలేదు.

కానీ ఆ సాయంత్రం అతను మూడోసారి గిన్నె దగ్గరికి వెళ్లేసరికి గరిట ఆవిడ చేతిలో ఉంది. అతను చేతిలోని ఖాళీ గిన్నె చాచాడు. సలూద్ పోయబోతూ ఆగి, గరిట అంచుకు వేలు ఆనించి చూసింది.

"చల్లారిపోయింది రా," అంది. "వెచ్చబెట్టి ఇవ్వనా?"